డాక్టర్ సలహా: కాలేజీ మూతపడ్డాక మా అబ్బాయి గది దాటి రావడం లేదు

ప్రశ్న (కరోనా రోజుల్లో వచ్చిన ఉత్తరం): డాక్టర్ గారూ, మా అబ్బాయికి 19 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం. కరోనా వల్ల కాలేజీ మూసేసినప్పటి నుంచి ఇంటి దగ్గరే ఉండి ఆన్‌లైన్ క్లాసులు వింటున్నాడు. మొదటి సెమిస్టర్ బాగానే గడిచింది. ఈ సెమిస్టర్‌లో మనిషే మారిపోయాడు. తెల్లవారుజామున నాలుగింటి దాకా మేలుకుంటాడు, మధ్యాహ్నం పన్నెండుకు లేస్తాడు. క్లాసుకు లాగిన్ అయి, కెమెరా ఆపేసి, ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకోవడం నా కళ్లతో చూశాను. నాలుగు అసైన్‌మెంట్లు పెండింగ్‌లో ఉన్నాయట. అడిగితే విసుక్కుంటాడు, లేదంటే ‘ఏం లేదమ్మా’ అని తలుపు వేసుకుంటాడు. రెండు నెలల క్రితం కరోనా వచ్చి తగ్గింది. అప్పటి నుంచి త్వరగా అలిసిపోతున్నానంటాడు. వాళ్ల నాన్నగారేమో ఇదంతా బద్ధకం అంటారు. మా అత్తగారికి డాక్టరు రాసిన నిద్రమాత్రలు ఇంట్లో ఉన్నాయి. సగం మాత్ర వేస్తే నిద్ర గాడిలో పడుతుందని బంధువులు చెబుతున్నారు. వేయవచ్చా? రాత్రి రెండు మూడు సార్లు లేచి వాడి తలుపు కింద వెలుతురు ఉందేమోనని చూసి వస్తున్నాను. భయంగా ఉంది.

– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మాత్ర సంగతి తేల్చేద్దాం. వేయకండి. సగం కూడా వద్దు. పెద్దావిడకు ఆమె వయసు, జబ్బు, వాడుతున్న ఇతర మందులు చూసి రాసిన మాత్ర అది. నిద్రమాత్రల్లో చాలావాటికి అలవాటు పడే గుణం ఉంది. కొన్నాళ్లు వాడితే అవి లేకుండా నిద్ర పట్టని పరిస్థితి వస్తుంది. పైగా మీ అబ్బాయికి నిద్ర పట్టకపోవడం లేదు. నాలుగింటికి పడుకుని పన్నెండుకు లేస్తున్నాడంటే ఎనిమిది గంటలు నిద్రపోతున్నట్టే. ఆ వయసుకు అది సరిపోయే నిద్రే. వేళే తప్పింది. తప్పిన వేళను మాత్ర సరిచేయలేదు.

ఇక బద్ధకం మాట. మీవారి మీద నాకు కోపం లేదు. బయటినుంచి చూసేవాళ్లకు అచ్చం బద్ధకంలాగే కనిపిస్తుంది. కానీ మీరు రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగాను: ‘మొదటి సెమిస్టర్ బాగానే గడిచింది.’ బద్ధకస్తుడైతే అప్పుడూ అలాగే ఉండేవాడు. బాగా చదువుకుంటున్న పిల్లవాడు కొన్ని నెలల్లో ఇలా అయ్యాడంటే వాడికి ఏదో జరుగుతోందని అర్థం. మీవారితో ఈ మాట నా మాటగా చెప్పండి.

ఏం జరుగుతోందో చెబుతాను. కాలేజీ అంటే మనకు పాఠాలు, పరీక్షలు గుర్తొస్తాయి. పిల్లవాడి రోజును నిలబెట్టేవి వేరే ఉంటాయి. ఫలానా టైముకు లేవాలి, బట్టలు మార్చుకోవాలి, ఎండలోకి రావాలి, నడవాలి, నలుగురి మొహాలు చూడాలి. పాఠం అర్థం కాకపోతే పక్కవాడి మొహం చూస్తే చాలు, వాడికీ అర్థం కాలేదని తెలిసి ధైర్యం వస్తుంది. క్లాసుకీ క్లాసుకీ మధ్య ఆ పది నిమిషాల కబుర్లలో ఎంతో టెన్షన్ దిగిపోతుంది. ఇవన్నీ ఎవరూ పని గట్టుకుని చేయరు, వాటంతట అవే జరిగిపోతాయి. మహమ్మారి వచ్చి వీటన్నిటినీ ఒక్కసారిగా తీసేసి, పాఠాలనూ పరీక్షలనూ మాత్రం ఉంచింది. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థిని అంది: ‘మేడమ్, ఇవాళ సోమవారమో ఆదివారమో తెలుసుకోవాలంటే ఫోన్ చూడాల్సి వస్తోంది.’ చదువులో ముందుండే అమ్మాయి. మంచం, బల్ల, తరగతి గది, పరీక్ష హాలు అన్నీ ఆరడుగుల చోటులోకి వచ్చేశాయి ఆమెకు.

ఇది మీ ఇంటి కథ ఒక్కటే కాదు. 2020 ఏప్రిల్ నాటికి ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా విద్యార్థుల చదువుకు అంతరాయం కలిగిందని యునెస్కో లెక్క చెప్పింది. వాళ్లలో కాలేజీ వయసు పిల్లల గురించి మా వైద్యులకు ప్రత్యేకమైన ఆందోళన ఉంది. మానసిక సమస్యల్లో నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ల లోపే మొదలవుతాయి. అంటే ఏ వయసులో మనిషికి తోడూ దినచర్యా ఎక్కువ అవసరమో, సరిగ్గా ఆ వయసులోనే అవి చేజారాయి.

ఆ కెమెరా ఆపేయడం గురించి కూడా తొందరపడి తీర్పు చెప్పకండి. వీడియో క్లాసు మామూలు క్లాసు కంటే ఎక్కువగా అలసట తెస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ బెయిలెన్సన్ 2021లో దీనికి నాలుగు కారణాలు వివరించారు. మొహాలన్నీ అతి దగ్గరగా మనవైపే చూస్తున్నట్టు ఉండటం, మన మొహం మనకే అదేపనిగా కనిపిస్తుండటం, కదలకుండా ఒకేచోట కూర్చోవాల్సి రావడం, ఎదుటివారి సైగలు సరిగా అందక మెదడు అదనంగా కష్టపడటం. ఇందాక చెప్పిన అమ్మాయి తెర మూలన తన బొమ్మ వచ్చే చోట చిన్న కాగితం అంటించుకుంది. దానితోనే ఎంతో హాయిగా ఉందని చెప్పింది. చాలా యాప్‌లలో మన బొమ్మ మనకు కనబడకుండా చేసుకునే సెట్టింగ్ ఉంటుంది, కాగితం కూడా అక్కర్లేదు. మీ అబ్బాయికి ఇది చెప్పి చూడండి. కెమెరా ఆన్ చేయమని గొడవ మాత్రం పడకండి. అంతకంటే ముఖ్యం, వాడు క్లాసు మంచం మీద పడుకుని వినకుండా కుర్చీలో కూర్చుని వినడం. మంచాన్ని నిద్రకే వదిలేస్తే ‘ఇది పడుకునే చోటు’ అని మెదడు మళ్లీ నేర్చుకుంటుంది.

ఇప్పుడు అసలు పని. అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సింది లేచే వేళ. పడుకునే వేళను మనం శాసించలేం, ‘పదింటికల్లా నిద్రపో’ అంటే నిద్ర రాదు. లేచే వేళ కొంతవరకు మన చేతిలో ఉంటుంది. అలాగని పన్నెండుకు లేస్తున్నవాణ్ని రేపు ఆరింటికి లేపారంటే మూడో రోజుకే వ్యవహారం బెడిసికొడుతుంది. రెండు మూడు రోజులకు ఒక అరగంట చొప్పున ముందుకు జరపండి. పన్నెండు, పదకొండున్నర, పదకొండు. ఇరవై ఏళ్ల లోపు వయసులో శరీరంలోని గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. అందువల్ల ఎనిమిదింటికి లేవగలిగితే చాలు, తెల్లవారుజామున లేవాలని పట్టుబట్టవద్దు. సెలవు రోజున కూడా గంటకు మించి తేడా రానివ్వకండి.

లేచిన అరగంటలోపు బయటి వెలుతురులోకి రావాలి. మేడ మీదకో, వాకిట్లోకో, అదీ కుదరకపోతే కిటికీ పక్కకో. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వెలుతురు ఇంట్లో దీపాల వెలుతురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పొద్దున పడే వెలుతురు శరీర గడియారాన్ని ముందుకు తెస్తుంది, అర్ధరాత్రి ఫోన్ వెలుతురు దాన్ని వెనక్కి లాగుతుంది. మీ అబ్బాయి విషయంలో రెండోది జరుగుతోంది, మొదటిది జరగడం లేదు. కాఫీ తాగే అలవాటుంటే మధ్యాహ్నం దాటాక మానేయమనండి. తాగిన దాంట్లో సగం కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

కరోనా తర్వాత అలసట అన్నారు. దీన్ని సాకు అనుకోకండి. జబ్బు తేలికగా వచ్చిపోయినవారిలో కూడా కొందరికి వారాలు, నెలలు నీరసం వెంటాడుతుంది. ఒకసారి ఫిజీషియన్‌కు చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు అవసరమేమో అడగండి. వీటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే మందకొడిగా, దిగులుగా కనిపిస్తాడు. మామూలుగా ఈ వయసువారికి వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ అబ్బాయి ఆ లెక్క ఇప్పుడే అందుకోనక్కర్లేదు. పది నిమిషాలతో మొదలుపెట్టనివ్వండి. నడిచిన మర్నాడు నీరసం పెరిగితే తగ్గించాలి, డాక్టరుకు చెప్పాలి. బలవంతంగా పెంచకూడదు.

పెండింగ్ అసైన్‌మెంట్ల గురించి నాకు తెలిసింది ఒకటి చెబుతాను. నాలుగు ఉన్నాయంటే పిల్లలకు అవి నాలుగుగా కనబడవు, కొండగా కనబడతాయి. కొండను చూడలేక ఫోన్‌లో తల దూరుస్తారు, దానితో కొండ ఇంకా పెరుగుతుంది. ‘అన్నీ ఎప్పటికి పూర్తి చేస్తావు’ అని అడగకండి. ‘అన్నిట్లో తేలికైనది ఏది? ఇవాళ ఇరవై నిమిషాలు దాని ముందు కూర్చుందాం, నేనూ పక్కనే నా పని చేసుకుంటాను’ అనండి. మూడ్ వచ్చాక పని చేద్దామని కూర్చుంటే దిగులులో ఉన్నవారికి ఆ మూడ్ రాదు. చిన్న పని ముందు చేస్తే మూడ్ దాని వెనక వస్తుంది. మేం చికిత్సలో కూడా ఈ పద్ధతే వాడతాం. ఒక స్నేహితుడితో వీడియో కాల్ పెట్టుకుని, మ్యూట్ చేసి, ఎవరి చదువు వాళ్లు చదువుకోవడం కూడా చాలామంది పిల్లలకు పనిచేసింది. లైబ్రరీలో పక్కన ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది.

లెక్చరర్‌కు రెండు మూడు వాక్యాల మెయిల్ రాయించండి: ‘ఆరోగ్యం బాగాలేదు, రెండు అసైన్‌మెంట్లకు గడువు ఇవ్వండి.’ మహమ్మారి రోజుల్లో ఈ మాట విని అర్థం చేసుకునే అధ్యాపకులు మనం అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు. కాలేజీలో కౌన్సెలర్ ఉంటే ఫోన్‌లోనైనా మాట్లాడనివ్వండి, ఏం మాట్లాడాడో ఇంట్లో ఆరా తీయకండి. ఒకవేళ ఒక సబ్జెక్టు పోయినా, సెమిస్టరే వదులుకోవాల్సి వచ్చినా, చదువు మళ్లీ అందుకోవచ్చు. ఆ మాట వాడు మీ నోటి నుంచి ఒకసారి వినాలి. వాళ్ల నాన్నగారి నోటి నుంచి వింటే ఇంకా మంచిది.

‘ఏం లేదమ్మా’ దగ్గర చాలామంది తల్లులు ఆగిపోతారు. ఎదురుగా నిలబడి ‘ఏమైంది’ అని అడిగితే జవాబు రాదు. పక్కపక్కన నడుస్తూనో, బట్టలు మడతపెడుతూనో, కళ్లలోకి చూడాల్సిన అవసరం లేనప్పుడు పిల్లలు ఎక్కువగా మాట్లాడతారు. మాట్లాడినప్పుడు వెంటనే సలహా ఇవ్వకండి. ‘అవునా, కష్టంగానే ఉండి ఉంటుంది’ అని ఆగండి. ఆ తర్వాత వచ్చే మౌనాన్ని భరించండి. అసలు మాట సాధారణంగా దాని తర్వాతే వస్తుంది.

ఇంకొక ప్రశ్న మీరు తప్పక అడగాలి. ‘బతకాలని లేదనిపించిందా? నీకు నువ్వే హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని తల్లిదండ్రులు భయపడతారు. అలా జరగదు. ఆలోచన ఉన్నవారికి, ఎవరో ఒకరు అడిగారన్నదే పెద్ద ఊరట. జవాబు అవునని వచ్చినా, అనుమానంగా ఉన్నా, వాణ్ని ఒంటరిగా వదలకండి. ఇంట్లోని మందులన్నీ, అత్తగారి నిద్రమాత్రలతో సహా, తాళం వేసి ఉంచండి. అదే రోజు దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి, లేదా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. మర్నాటికి వాయిదా వేయవద్దు.

అలాంటిదేమీ లేకపోయినా సైకియాట్రిస్ట్‌ను కలవమనే నా సలహా. రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి, ఏకాగ్రతల్లో మార్పు ఉంటే డిప్రెషన్ ఉందేమో చూడాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అబ్బాయి ఆ గీత దాటినట్టే అనిపిస్తోంది. చూడకుండా నేను తేల్చి చెప్పకూడదు. మొదటిసారి వెళ్లినప్పుడు పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళి ఇవ్వవచ్చు. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, పది గానీ అంతకు మించి గానీ వస్తే శ్రద్ధగా చూస్తాం. వెళ్లగానే మందులు రాసేస్తారన్న భయం వద్దు, చాలామందికి మాటలతో చేసే చికిత్స, దినచర్య సరిచేయడంతోనే తేలికపడుతుంది. మందులు అవసరమైతే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి లాభం లేదని ఆపకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి కుదరని రోజుల్లో వీడియోలో చూసే డాక్టర్లూ ఉన్నారు. డాక్టరు గదిలో మొదటి పది నిమిషాలు మీరు కూర్చోండి, తర్వాత లేచి బయటికి రండి. వాడికి 19 ఏళ్లు, డాక్టరుతో తను ఒక్కడే మాట్లాడుకునే హక్కు ఉంది.

మీ గురించి కూడా ఒక మాట అడగాలి. రాత్రి రెండు మూడు సార్లు లేచి తలుపు కింద వెలుతురు చూస్తున్నానన్నారు. ఎన్నాళ్లుగా? ప్రాణానికి సంబంధించిన ఆ ప్రశ్నకు వాడి దగ్గర నుంచి నమ్మకమైన జవాబు వచ్చి, డాక్టరు కూడా ప్రమాదం లేదని చెప్పాక, ఆ కాపలాను మీవారితో పంచుకుని మీరు పడుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ నిద్ర సంగతి కూడా చెప్పండి. ఆ పది నిమిషాల్లో రెండు నిమిషాలు మీ కోసం అడిగి తీసుకోండి.