అసోసియేషన్‌కి 12,000 కట్టాలా? ముందు జాకీల్లో లెక్క వేసుకోండి

బ్రదర్, కందుకూరులో పోయినేడాది సెంట్రింగ్ సామాను అద్దెల షాపు పెట్టామన్నారు. 200 జాకీలు (స్లాబు కింద నిలబెట్టే ఇనుప గొట్టాలు), కొంచెం కప్‌లాక్ (ఒకదానికొకటి బిగించే పరంజా గొట్టాలు) ఉన్నాయి, ఈ షాపుల ఓనర్ల అసోసియేషన్ వాళ్లు చేరడానికి 12,000, ఆపైన ఏటా 3,000 అడుగుతున్నారు, చేరాలా వద్దా అని మీ ప్రశ్న. నేను కావలిలో 14 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. రెండు సంఘాల్లో చేరి చూశాను.

ఆ 12,000 ఎంతో మీ సామానులో చూసుకోండి. మా వైపు జాకీకి రోజుకి రూపాయిన్నర. మీ 200 జాకీలూ 40 రోజులు బయట ఉంటేనే అంత వస్తుంది. స్లాబుకి 20 రోజులనుకుంటే రెండు స్లాబుల అద్దె మొత్తం పోయినట్టే. అదే 2,000 జాకీలున్న ఆయనకి నాలుగు రోజుల అద్దె. ఇద్దరికీ ఒకటే ఫీజు పెట్టడం అన్యాయం. ఈ మాట నేను మీటింగులో లేచి కూడా చెప్పాను.

మొదటి సంఘంలో "మీ పనివాళ్లకి ప్రమాద బీమా చేయిస్తాం" అంటే నమ్మి కట్టాను. తీరా కాగితం చేతికొచ్చాక చూస్తే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు, 2 లక్షల కవరు. 18 నుంచి 70 ఏళ్ల లోపు ఉండి బ్యాంకు ఖాతా ఉంటే ఎవరైనా సొంతంగా తీసుకోవచ్చు. పరంజా మీద ప్రాణం అరచేతిలో పెట్టుకుని పనిచేసేవాళ్ల పేరు చెప్పి అలా చేశారని చాలా బాధపడ్డాను. మా ఐదుగురు పనివాళ్లనీ నేనే బ్యాంకుకి తీసుకెళ్లి చేయించాను.

రెండోది చిన్నది. కావలి చుట్టుపక్కల ఓనర్లం ఇరవై మందిమి, ఏడాదికి వెయ్యి. అక్కడ ఒక నోటు పుస్తకం ఉంది. ఎవరి జాకీకి ఏ రంగు పట్టీయో అందులో రాసి ఉంటుంది, ఒకరి రంగు ఇంకొకరు వేయకూడదు. నాది పసుపు, దాని మీద సన్నటి ఆకుపచ్చ గీత, అడుగు ప్లేటుకి జానెడు పైన. ఒకసారి సింగరాయకొండ దగ్గర సైటు నుంచి 31 జాకీలు తక్కువ వచ్చాయి. "మీరు పంపిందే అంత" అన్నాడు మేస్త్రీ. పది రోజులకి మా సంఘంలోనే ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన లోడులో కలిసిపోయిన గొట్టాల మీద గడ్డకట్టిన సిమెంటు పాలు సుత్తితో రాల్చి చూస్తే పసుపు కనపడిందట. 27 దొరికాయి. కొత్త జాకీ వెయ్యికి పైమాటే, మీరే లెక్కేసుకోండి.

బిల్డర్ల బాకీలు వసూలు చేయిస్తామని కూడా అంటారు. దానికి ముందు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) చేయించుకోండి, పైసా ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, లేకపోతే 15 రోజుల్లో మీ బిల్లు కట్టాలి. కట్టకపోతే ఎంఎస్‌ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. అద్దె ఇచ్చేటప్పుడు చీటీ మీద సంతకం మాత్రం వదలకండి.

ఇప్పుడే డబ్బు కట్టకండి. సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిందా, పోయినేడాది జమాఖర్చులు చూపిస్తారా అని అడగండి. ఫీజు రెండు వాయిదాల్లో తీసుకుంటారేమో కూడా కనుక్కోండి. రంగుల పుస్తకం లాంటిది అక్కడ లేకపోతే, మీరు ఏ రంగు వేస్తున్నారో ఇక్కడే రాయండి. మా పుస్తకంలో ఎక్కిస్తాను.