నలుగురిలో ఉన్నప్పుడు ప్రమాదం కళ్లముందే ఉన్నా ఎందుకు కదలం?

ఎక్కువగా పక్కవాళ్ల మొహాలు చూసి. బిబ్ లటానే, జాన్ డార్లీ అనే అమెరికన్ సైకాలజిస్టులు 1968లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది: కాలేజీ కుర్రాళ్లను గదిలో కూర్చోబెట్టి ఫారం నింపమని చెప్పి, ఇంతలో గోడలోని కంతలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. పరిశోధకులు ముందే మాట్లాడి పెట్టుకున్న ఇద్దరు పక్కనే ఏమీ పట్టనట్టు రాసుకుంటూ ఉంటే మాత్రం పదిమందిలో ఒక్కడే కదిలాడు, మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, కిటికీ తెరుచుకుని మరీ ఫారం నింపారు! తర్వాత అడిగితే ఆవిరి అనుకున్నామన్నారు, ఇంకొందరికైతే అది నిజం చెప్పించే గ్యాస్ అట. ఎదుటివాడు నిబ్బరంగా ఉన్నాడు కాబట్టి ఏమీ లేదులే అనుకుంటాం, అతనూ మనల్ని చూసే అలా కూర్చున్నాడని తట్టదు.