రీచ్ రిజిస్ట్రేషన్ అయ్యాక మళ్లీ టెస్టులు అడగొచ్చా?

ప్రశ్న: మాది జీడిమెట్లలో చిన్న కెమికల్ యూనిట్. పెయింట్లలో కలిపే ఒక అడిటివ్‌ను ఏటా 60 టన్నుల దాకా జర్మనీకి పంపుతున్నాం. 2018లో నెదర్లాండ్స్‌లోని ఒక ఓన్లీ రిప్రజెంటేటివ్ (యూరప్ బయటి తయారీదారు తరఫున రిజిస్టర్ చేసే ప్రతినిధి) కంపెనీ ద్వారా రీచ్ (యూరోపియన్ యూనియన్ రసాయనాల చట్టం) రిజిస్ట్రేషన్ చేయించాం. హెల్సింకీలోని యూరోపియన్ కెమికల్స్ ఏజెన్సీ నుంచి డ్రాఫ్ట్ డెసిషన్ వచ్చిందనీ, కొత్త టెస్టులకు మా వాటా కట్టాలనీ ఇప్పుడు వాళ్లు మెయిల్ పెట్టారు. రిజిస్ట్రేషన్ నంబరు వచ్చాక మళ్లీ అడగొచ్చా? మేం ఇండియాలో ఉన్నాం కదా, కట్టకపోతే ఏమవుతుంది?

జవాబు: అడగొచ్చు. నంబరు ఇచ్చేముందు ఏజెన్సీ చూసేది డోసియర్‌లో (రిజిస్ట్రేషన్ కోసం ఇచ్చే సమాచార ఫైలు) పెట్టాల్సినవన్నీ పెట్టారా అన్నంతవరకే. పెట్టినవి నిలబడతాయా అన్నది రీచ్ 41వ ఆర్టికల్ కింద చేసే కంప్లయెన్స్ చెక్‌లో తేలుతుంది. మొదట్లో ఒక్కో టన్నేజ్ బ్యాండ్‌లో (ఏటా ఎన్ని టన్నులన్నదాన్ని బట్టి చేసిన వర్గం) కనీసం 5 శాతం డోసియర్లు చూస్తే చాలనేవారు. 2020లో దాన్ని 20 శాతం చేశారు. 100 టన్నుల లోపు బ్యాండ్లకు గడువు 2027 డిసెంబరు 31. అందుకే చిన్న యూనిట్ల ఫైళ్లూ ఇప్పుడు బయటికి వస్తున్నాయి.

వాటా సంగతి తర్వాత, ముందు తేదీ కనుక్కోండి. డ్రాఫ్ట్ మీద అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజులే ఉంటాయి. ఆ లెక్క డ్రాఫ్ట్ మీ ప్రతినిధికి అందిన రోజు నుంచి మొదలవుతుంది, మీకు మెయిల్ వచ్చిన రోజు నుంచి కాదు. మెయిల్‌లో సారాంశం రాస్తే ఒప్పుకోకుండా డ్రాఫ్ట్ కాపీ మొత్తం తెప్పించుకోండి.

మీ 10–100 టన్నుల బ్యాండ్‌కు రీచ్ అనెక్స్ (అనుబంధం) 7, 8లోని సమాచారం ఉండాలి. ఎక్కువమంది దెబ్బతినేది రీడ్-అక్రాస్ దగ్గర, అంటే దగ్గరి పదార్థం మీద చేసిన టెస్టును మన పదార్థానికి చూపించడం. రెండింటి నిర్మాణం ఒకేలా ఉందని ఒక పేరా రాసి వదిలేస్తారు. ఇంప్యూరిటీలు ఎంతెంత, శరీరంలో రెండూ ఎలా విచ్ఛిన్నమవుతాయి, ఏ టెస్టులో ఏ ఫలితం అన్న పట్టిక లేకపోతే అది చెల్లదు. పునరుత్పత్తి మీద ప్రభావం చూసే ఓఈసీడీ 422 టెస్టు అడిగితే, మీ దగ్గరున్న బ్యాచ్ అనాలిసిస్‌లు, పాత రిపోర్టులు ఈ 30 రోజుల్లోనే బయటపెట్టాలి. ఖర్చు భరించలేమన్న కామెంట్‌ను ఎవరూ పట్టించుకోరు. ఏజెన్సీ ఏటా ఫిబ్రవరి 28 లోగా ఇచ్చే మూల్యాంకన నివేదికలో రిజిస్ట్రంట్లకు సూచనలు ఉంటాయి. కామెంట్ రాసే కన్సల్టెంట్ అది చదివాడో లేదో అడగండి, చదవనివాళ్లే ఎక్కువ.

యూరప్ వ్యాపారం ఎలాగూ మానేద్దామనుకుంటే, డ్రాఫ్ట్ అందాక ఎగుమతి ఆపేసి ఆ మాట ఏజెన్సీకి తెలియజేయవచ్చు (ఆర్టికల్ 50). అప్పుడు రిజిస్ట్రేషన్ పోతుంది, టెస్టులూ అడగరు. మళ్లీ రావాలంటే కొత్తగా రిజిస్టర్ చేసుకోవాల్సిందే.

తుది నిర్ణయం వచ్చాక అప్పీలుకు మూడు నెలలు. ఏజెన్సీలోని బోర్డ్ ఆఫ్ అప్పీల్‌లో వేస్తే నిర్ణయం అమలు ఆగుతుంది. అదే పదార్థాన్ని రిజిస్టర్ చేసిన మిగతావాళ్లకూ టెస్టు అవసరమైతే, అందరి తరఫున ఎవరు చేయిస్తారో 90 రోజుల్లో తేల్చి చెప్పాలి. చెప్పకపోతే ఏజెన్సీయే ఒకరిని నియమిస్తుంది. ఖర్చు సమాన వాటాలుగా పంచుకోవాలి (ఆర్టికల్ 53). కాబట్టి మీ ప్రతినిధి చెప్పిన మొత్తానికి తలూపకుండా ల్యాబ్ కొటేషను, వాటాదారుల సంఖ్య రాతపూర్వకంగా అడగండి.

ఏజెన్సీ జరిమానా వేయదు, సమాచారం ఇవ్వలేదని సభ్య దేశం అధికారులకు తెలియజేస్తుంది. శిక్ష వాళ్ల చట్టం ప్రకారం, పడేది మీ ప్రతినిధి మీద. జీడిమెట్లకు ఎవరూ రారు, నిజమే. కానీ రిజిస్ట్రేషన్ పోతే మీ జర్మనీ కొనుగోలుదారు ఏడాదికి ఒక టన్ను, ఆపై తెప్పించుకోవడానికి తన పేరున రిజిస్టర్ చేసుకోవాలి. అంత తతంగం పెట్టుకునే బదులు వేరే సప్లయర్‌ను చూసుకుంటాడు.

ప్రతినిధితో మీ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి ద్వారా తీర్పు) క్లాజు చూడండి. అది నెదర్లాండ్స్‌లో అని ఉంటే, అక్కడి అవార్డును (మధ్యవర్తి తీర్పును) 1996 ఆర్బిట్రేషన్ చట్టం రెండో భాగం కింద ఇక్కడి కోర్టు ద్వారా మీ మీద అమలు చేయించవచ్చు. ప్రతినిధిని మారిస్తే పాతవాళ్లు రిజిస్ట్రేషన్‌ను కొత్తవాళ్లకు బదిలీ చేయాలన్న షరతు లేకపోతే, ఈ వాటా చెల్లించేలోపే సవరణ పత్రం మీద సంతకం చేయించుకోండి. డబ్బు వెళ్లాక ఆ సంతకం కోసం మీరే తిరగాలి.