యాష్‌బర్న్ నుంచి వాషింగ్టన్: పెద్దవాళ్లు తమంతట తాముగా ఒక్క రోజులో ఏం చూసి రావచ్చు?

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు శివారు ఊరైన యాష్‌బర్న్‌లో మీ అబ్బాయి దగ్గరికి వెళుతున్నామనీ, వారం మధ్యలో పిల్లలు ఆఫీసు పనిలో ఉన్నప్పుడు మీరిద్దరే వాషింగ్టన్ నగరం చూసి రాగలరా అనీ, మోకాళ్ల నొప్పి ఉన్న మీ శ్రీమతి గారికి అది సాధ్యమా అనీ అడిగారు. తప్పకుండా వెళ్లి రాగలరు. మా అమ్మాయి కాపురం కూడా ఆ చుట్టుపక్కలే. నేనూ మా ఆవిడా అలాగే తోడెవరూ లేకుండా వెళ్లి వచ్చాము కనుక ధైర్యంగా చెబుతున్నాను. అమెరికాలో చాలా ఊళ్లలో కారు లేనిదే గడప దాటలేము, పిల్లలకు తీరిక దొరికే శనివారం దాకా ఇంట్లో కూర్చోవలసిందే. వాషింగ్టన్‌కు మాత్రం ఆ ఇబ్బంది లేదు. పైగా అక్కడ స్మిత్‌సోనియన్ అనే సంస్థ నడిపే మ్యూజియాలకు ప్రవేశ రుసుము కూడా లేదు.

2022 నవంబరు నుంచి మెట్రో సిల్వర్ లైను యాష్‌బర్న్ దాకా వస్తోంది. రైలు బయలుదేరేది అక్కడి నుంచే కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, మధ్యలో ఎక్కడా మారవలసిన పని లేదు. స్మార్‌ట్రిప్ కార్డు ముందు రోజే కొని డబ్బు వేసి ఉంచుకోండి. 65 ఏళ్లు నిండిన వారికి సగం చార్జీ కార్డు వేరే ఉంది. ఆఫీసుల రద్దీ తగ్గాక తొమ్మిది దాటి బయలుదేరితే, గంటకు కాస్త పైగా ప్రయాణం. అందరూ స్మిత్‌సోనియన్ అనే స్టేషనులో దిగమంటారు గానీ, మీరు దానికి ముందు వచ్చే ఫెడరల్ ట్రయాంగిల్‌లో దిగండి. అక్కడి నుంచి స్మిత్‌సోనియన్ వారి నేచురల్ హిస్టరీ (ప్రకృతి చరిత్ర) మ్యూజియానికి నడక తక్కువ, కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ వైపు ద్వారం దగ్గర మెట్లెక్కే బాధ కూడా ఉండదు. చక్రాల కుర్చీ కావాలంటే లోపల ఉచితంగా ఇస్తారు. మొహమాటపడకుండా అడిగి తీసుకోండి, లోపల నడవవలసిన దూరం మనం అనుకున్న దానికంటే ఎక్కువ.

ఇన్ని మ్యూజియాలు ఉండగా ఇదే ఎందుకంటే, తెలుగువాళ్లు చూసి తీరవలసిన వస్తువు ఒకటి అక్కడ ఉంది. పై అంతస్తులో రత్నాల విభాగం మొదట్లోనే, ఒక గాజు పెట్టెలో మెల్లగా తిరుగుతూ కనిపించే నీలి వజ్రం పేరు హోప్ డైమండ్. బరువు 45.52 క్యారెట్లు. చుట్టూ పొదిగిన తెల్ల వజ్రాలు మిలమిలలాడుతుంటే మధ్యలో అది ముదురు నీలంగా, దాదాపు సిరా రంగులో ఉంటుంది. ఒక వైపు నుంచి చీకటిగా కనిపించి, తిరిగే కొద్దీ లోపలి నుంచి వెలుగు లేచినట్లు అనిపిస్తుంది. ఆ నీలానికి కారణం వజ్రంలో అతి స్వల్పంగా కలిసిన బోరాన్ అనే మూలకం. గోల్కొండ రాజ్యంలో, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో అది దొరికిందని చరిత్రకారులు చెబుతారు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దానిని కొని 1668లో పద్నాలుగవ లూయీ రాజుకు అమ్మాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792లో, రాజుగారి ఆభరణాలతో పాటు అదీ దొంగల పాలైంది. తరువాత రూపు మారి చేతులు మారి, చివరికి 1958లో హ్యారీ విన్‌స్టన్ అనే న్యూయార్కు నగల వ్యాపారి దానిని మామూలు రిజిస్టరు పోస్టులో పంపి ఈ మ్యూజియానికి బహూకరించాడు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది. మా ఆవిడ పుట్టిల్లు పల్నాడు; ఆమె ఆ గాజు పెట్టె చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ చూసి, "మా కృష్ణ ఒడ్డు రాయేనండీ ఇది" అని నాతో అన్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన గర్వం నాకు బాగా గుర్తు. వజ్రాన్ని చూసి వెంటనే కదలకండి. జనం గుంపులు గుంపులుగా వచ్చి వెళుతుంటారు. కాసేపు ఆగితే పెట్టె దగ్గర ఖాళీ దొరుకుతుంది.

మధ్యాహ్న భోజనానికి పులిహోరో, చపాతీలో కట్టుకుని వెళ్లడం మంచిది. ప్రదర్శనశాలల్లో తినకూడదు గానీ, ఎదురుగా ఉన్న నేషనల్ మాల్ అనే విశాలమైన పచ్చిక మైదానంలో చెట్ల కింద బెంచీలు ఉంటాయి. జూలై, ఆగస్టు నెలల్లో మాత్రం అక్కడి ఉక్కపోత మన కోస్తాకు ఏమీ తీసిపోదు, అప్పుడు ఎండపూట లోపలే గడపండి. అమెరికా పార్లమెంటు సమావేశమయ్యే కాపిటల్ భవనం కూడా అదే రోజు చూద్దామనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అక్కడ తనిఖీ దగ్గర ఆహారం, నీళ్లతో నిండిన సీసా రెండూ ఆపేస్తారు. అందుకే మీకు అది వేరే రోజుకు ఉంచుకోమని నా సలహా. వైట్‌హౌస్‌ను కంచె బయటి నుంచే చూడాలి, దానికోసం మోకాళ్లను శ్రమ పెట్టనవసరం లేదు. వాషింగ్టన్ స్మారక స్తంభం 555 అడుగుల ఎత్తు, మాల్‌లో ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుంది. పనులు 1854లో ఆగి ఇరవై ఏళ్లకు పైగా గడిచాక మళ్లీ మొదలు కావడంతో, సుమారు 150 అడుగుల దగ్గర రాయి రంగు మారిపోయింది. కూర్చున్న చోటి నుంచే ఆ గీత గమనించవచ్చు.

మ్యూజియం దగ్గరి నుంచి లింకన్ స్మారకం దాకా నడవాలని చూడకండి. పటంలో దగ్గరగానే కనిపిస్తుంది గానీ అది రెండు కిలోమీటర్లు దాటుతుంది. మాల్ పొడవునా తిరిగే సర్క్యులేటర్ బస్సు గురించి పాత సలహాల్లో చదివి ఉంటారు, ఆ సేవ 2024 చివరితో ఆగిపోయింది. ఉబర్ గానీ, అలాంటిదే అయిన లిఫ్ట్ (Lyft) అనే ట్యాక్సీ గానీ పిలుచుకోండి. మీ ఫోనులో ఆ యాప్ పెట్టి, డబ్బు చెల్లించే ఏర్పాటు చేసి ఇవ్వమని ముందే అబ్బాయికి చెప్పండి.

లింకన్ దగ్గరికి సాయంత్రం వెళ్లడమే మేలు. ఎండ తగ్గుతుంది, ఆ చోటు రాత్రి కూడా తెరిచే ఉంటుంది. కూర్చున్న భంగిమలో ఉన్న ఆ పాలరాతి విగ్రహం ఎత్తు 19 అడుగులు. కట్టడం చుట్టూ ఉన్న 36 స్తంభాలు, 1865లో ఆయన హత్యకు గురైనప్పుడు దేశంలో ఉన్న 36 రాష్ట్రాలకు గుర్తు. ఎదుటి నుంచి పైకి 58 మెట్లు ఎక్కాలి. మధ్య మధ్య వెడల్పైన చప్టాలు ఉన్నాయి కాబట్టి ఆగి ఆగి ఎక్కవచ్చు. లిఫ్టు ఉంది గానీ, ఆ రోజు పని చేస్తుందో లేదో నేషనల్ పార్క్ సర్వీసు వెబ్‌సైటులో చూసుకుని బయలుదేరండి. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి మాట్లాడిన చోటును మెట్ల మీదే రాతిలో చెక్కి గుర్తు పెట్టారు. గాంధీజీ నడిచిన నేలను చూడాలని ఆయన 1959లో మన దేశానికి వచ్చిన మనిషి. ఆ రాయి దగ్గర కాసేపు నిలబడకుండా రాకండి.

ఓపిక మిగిలి ఉంటే పక్కనే వియత్నాం యుద్ధ స్మారకం ఉంది, దారి చదునుగా ఉంటుంది. చనిపోయిన, ఆచూకీ తెలియని 58 వేల మందికి పైగా సైనికుల పేర్లు నల్లరాతి గోడ మీద, హోదాలతో పని లేకుండా, తేదీల వరుసలో చెక్కి ఉంటాయి. ఆ నమూనాను రూపొందించినప్పుడు మాయా లిన్ 21 ఏళ్ల విద్యార్థిని. తిరుగు ప్రయాణానికి అక్కడికి అన్నింటికంటే దగ్గరి మెట్రో స్టేషను ఫాగీ బాటమ్, దాని మీదుగా కూడా సిల్వర్ లైనే వెళుతుంది.

విమానాలంటే మీకు ఆసక్తి అయితే, మాల్‌లోని ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో రైట్ సోదరులు 1903లో ఎగరేసిన అసలు విమానం ఉంది. దానికి ముందుగా సమయం కేటాయించుకోవాలేమో వెబ్‌సైటులో చూడండి. డల్లెస్ విమానాశ్రయం పక్కన, షాంటిలీలో ఉన్న దాని రెండో భాగంలో డిస్కవరీ అంతరిక్ష నౌక, కాంకర్డ్ విమానం ఉన్నాయి. అక్కడికి మాత్రం కారులో వెళ్లడమే సులువు, పార్కింగుకు రుసుము ఉంటుంది, యాష్‌బర్న్ నుంచి దూరం తక్కువే కనుక దానిని మీ అబ్బాయితో కలిసి వెళ్లే వారాంతానికి అట్టే పెట్టుకోండి.