మేనకోడలికి, నెమలిని కోసే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నెమలి గీత చూశాను. పింఛం నిండా చిల్లులతో, తోలుబొమ్మల తీరులో ఎంత బాగా వేశావమ్మా! తోలుబొమ్మలకు పేరుపడ్డ నిమ్మలకుంట ఊరి బొమ్మల్ని దగ్గర కూర్చుని చూసిన చెయ్యి అని గీత చూస్తేనే తెలుస్తోంది. దాన్ని కొత్తగా కొన్న స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే రంపపు మిషన్) మీద 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో కోస్తే పింఛం కొసలు పుటుక్కున విరిగిపోతున్నాయని రాశావు. మిషన్ మంచిది కాదేమోనని నీ అనుమానం. మిషన్‌ను తప్పు పట్టకు. గీతలో కొంత సర్దాలి, కోసే వరుసను పూర్తిగా మార్చాలి. ఈ రెండూ కుదిరితే అదే మిషన్ మీద అదే నెమలి నిలబడుతుంది.

ముందు గీత సంగతి. తోలుబొమ్మకు మేక తోలు వాడతారు. అది వంగుతుంది, సాగుతుంది. రెండు చిల్లుల మధ్య వెంట్రుకవాసి మిగిలినా తట్టుకుంటుంది. చెక్క అలా కాదు. పక్కనుంచి చిన్న ఒత్తిడి తగిలినా విరుగుతుంది. అందుకని తోలు మీద నప్పిన నమూనాను ఉన్నదున్నట్టు చెక్క మీదికి దించకూడదు. రెండు చిల్లుల మధ్య మిగిలే సన్నని ముక్కను మేం వంతెన అంటాం. మొదట్లో ఆ వంతెన వెడల్పు చెక్క మందం కంటే తగ్గనివ్వకు. నీది 3 మిల్లీమీటర్ల చెక్క కాబట్టి వంతెన కూడా 3 మిల్లీమీటర్లు ఉండాలి. చెయ్యి కుదిరాక ఒకటిన్నర దాకా రావచ్చు. ఇప్పుడు తొందరపడకు.

ఇంకో పని చెయ్యి. గీత జిరాక్స్ తీసి, కోసి పారేసే భాగమంతా ఎర్ర పెన్సిలుతో నింపు. తెల్లగా మిగిలినదంతా ఒకదానికొకటి అంటుకుని ఒకే ముక్కగా ఉందా అని వేలు పెట్టి చూసుకో. నీ నెమలి పింఛంలో కన్నుల మధ్య చుక్కలు చుట్టూ ఏ ఆధారం లేకుండా ఉన్నాయి. తోలు మీద ఆ చుక్క రంగుతో వస్తుంది. ఇక్కడ కోత పూర్తి కాగానే రాలి కిందపడుతుంది. ప్రతి చుక్కకూ కనీసం రెండు వైపుల నుంచి వంతెన వెయ్యాలి.

ఇక చెక్కను ఏ వైపు తిప్పి గీత అంటించాలన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు, నేనైతే అన్నిటికంటే ముందు చూస్తాను. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో మామూలుగా మూడు పొరలుంటాయి. పైపొర, కిందిపొర నార, అంటే చెక్కలోని పోగుల దారి, ఒక వైపుకు, మధ్యపొర నార దానికి అడ్డంగా నడుస్తాయి. సన్నని వంతెన పైపొర నార వెంట ఉంటే రెండు పొరల బలం దానికి దక్కుతుంది. అడ్డంగా ఉంటే మధ్యలోని ఒక్క పొరే దాన్ని మొయ్యాలి. నీ పింఛం ఈకలన్నీ నిలువుగా విచ్చుకున్నాయి కదా, కాబట్టి నార కూడా నిలువుగా వచ్చేలా పలకను తిప్పి అంటించు. విరిగిన ముక్కలు ఇంకా నీ దగ్గర ఉంటే వాటిని తీసి చూడు. చాలావరకు నారకు అడ్డంగా ఉన్న చోటే విరిగి ఉంటాయి.

ప్లైవుడ్ కొనేటప్పుడు అంచు చూసి కొను. మామూలు కమర్షియల్ ప్లైలో లోపలి పొరల మధ్య ఖాళీలుంటాయి. సన్నని ఈక సరిగ్గా ఆ ఖాళీ మీద పడిందంటే ఎంత నేర్పుగా కోసినా నిలవదు. బిర్చ్ అనే చెట్టు చెక్కతో చేసిన ప్లై దొరికితే అదే తీసుకో, డబ్బు కాస్త ఎక్కువైనా సరే. ఎం.డి.ఎఫ్., అంటే మెత్తటి చెక్కపీచును జిగురుతో నొక్కి చేసిన పలక, చవక, నునుపు, నిజమే. కానీ దానికి నార లేదు, సన్నని చోట బలం ఉండదు, దాని దుమ్ము గొంతుకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ఇలాంటి పనికి నేను వద్దంటాను. టేకు అందంగానే ఉంటుంది గాని, టేకులో సిలికా ఉంటుంది, బ్లేడు పదును తొందరగా తినేస్తుంది. అది తర్వాత చూద్దువు.

బ్లేడ్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. స్క్రోల్ సా బ్లేడు 5 అంగుళాల పొడవుంటుంది. చివర పిన్ను ఉన్నవీ లేనివీ రెండు రకాలు. పిన్ను ఉన్నదాన్ని దూర్చాలంటే పెద్ద చిల్లు కావాలి, నీ పనికి అది పనికిరాదు. పిన్ను లేనిదే వాడు. మిషన్‌కు ఆ బిగింపు లేకపోతే విడిగా దొరికే బిగింపులు తెప్పించుకో. 3 మిల్లీమీటర్ల ప్లైకి 2/0 నంబరు (1 కంటే సన్నది) గాని 1వ నంబరు గాని సరిపోతుంది. మిషన్‌తో పాటు వచ్చిన 5వ నంబరు బ్లేడు దాదాపు 1 మిల్లీమీటరు వెడల్పుంటుంది. 2/0 వెడల్పు అందులో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆ తేడా వల్లే చిన్న మలుపులు తిరుగుతాయి. కంసాలి సామాన్ల కొట్లలో కూడా ఇదే పొడవు రంపపు బ్లేడ్లు దొరుకుతాయి, చవగ్గా ఉన్నాయని తీసుకోకు. అవి లోహం కోసేవి. పళ్లు మరీ దగ్గరగా ఉంటాయి, వాటి మధ్య చెక్కపొడి కూరుకుపోయి బ్లేడు వేడెక్కుతుంది, చెక్క మాడుతుంది.

రివర్స్ టూత్ అని ఒక రకం ఉంది. కింద చివర కొన్ని పళ్లు పైకి తిరిగి ఉంటాయి. అవి చెక్క అడుగు భాగాన్ని చీలిపోకుండా శుభ్రంగా కోస్తాయి. బ్లేడు బిగించాక మిషన్‌ను చేత్తో మెల్లగా తిప్పి, బ్లేడు పైకి వచ్చినప్పుడు ఆ తిరగబడ్డ పళ్లలో రెండు మూడు బల్ల పైకి కనిపిస్తున్నాయో లేదో చూసుకో. కనిపించకపోతే ఆ బ్లేడు కొన్న ప్రయోజనం లేనట్టే. బ్లేడు బిగువు చూడాలంటే గోటితో మీటు. ఖంగుమని సన్నటి శ్రుతి పలకాలి. మొద్దుగా పలికితే ఇంకా బిగించాలి.

బ్లేడు బల్లకు నిట్టనిలువుగా ఉందా అన్నది కూడా చూడాలి. ఒక మందపాటి ముక్కలో కొంచెం లోతుగా గాటు పెట్టి ఆపు. ముక్కను వెనక్కి తిప్పి, ఆ గాటును బ్లేడు వెనక వైపుకు పెట్టు. బ్లేడు గాటులోకి సులువుగా జారితే సరిగ్గా ఉన్నట్టు, ఎక్కడైనా తగిలితే బల్ల వాలి ఉన్నట్టు. ఈ పరీక్ష ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు చెయ్యి.

గీత అంటించే ముందు చెక్క మీద మాస్కింగ్ టేపు పరిచి, దాని మీద కాగితాన్ని గ్లూ స్టిక్‌తో అంటించు. ఆ పైన పారదర్శకమైన ప్యాకింగ్ టేపు వెయ్యి. పని అయ్యాక మొత్తం సులువుగా ఊడి వస్తుంది, సన్నని ఈకల మీద తడిగుడ్డతో రుద్దాల్సిన అవసరం రాదు. ప్యాకింగ్ టేపు ఉంటే చెక్క మాడడం కూడా తగ్గుతుంది.

లోపలి ఖాళీలు కోయడానికి ముందు బ్లేడు దూర్చే చిల్లులు వెయ్యాలి, వాటికి 1 మిల్లీమీటరు డ్రిల్లు బిట్టు చాలు. కింద పనికిరాని ముక్క పెట్టుకుని చిల్లు వెయ్యి, లేకపోతే అడుగున చెక్క చీరుకుపోతుంది. చిల్లు ఎప్పుడూ పారేసే భాగంలో, ఏదో ఒక మూల దగ్గర ఉండాలి. అన్నీ అయ్యాక పలకను వెనక్కి తిప్పి, అడుగున లేచిన పొట్టును సాండ్‌పేపర్‌తో ఒకసారి నునుపు చెయ్యి. ఆ పొట్టు బల్లకు తగిలి పలక ఆగుతుంది, ఆగిందని నువ్వు గట్టిగా తోస్తావు, తోసినప్పుడే విరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, వరుస. నువ్వు ముందు నెమలి చుట్టూ కోసి, తర్వాత లోపలికి వెళ్లావు. ఫోటోలో కోత గీతలు చూస్తే అర్థమైంది. అలా చేస్తే బొమ్మకు బలమిచ్చే అంచును ముందే తీసేసినట్టు. లోపలి పని జరిగేటప్పుడు పట్టుకోవడానికి చోటు ఉండదు, చెక్క ఊగుతుంది. నువ్వు దీనికి పూర్తిగా తిరగేసి చెయ్యాలి. పలక చుట్టూ కనీసం రెండు అంగుళాల చెక్క వదులు. పింఛంలో అతి చిన్న చిల్లులు, అంటే కన్నుల లోపలివి, మొదట. వాటి చుట్టూ ఉన్నవి తర్వాత. మెడ దగ్గర పెద్ద ఖాళీలు చివరికి. బయటి గీత అన్నిటికంటే ఆఖరు. ఏ చిల్లు కోస్తున్నా, దాని పక్కన ఇంకా కోయని చెక్క వీలైనంత ఎక్కువ ఉండాలి. ఇదొక్కటీ గుర్తుంచుకుంటే మిగతా వరుస నీకే తోస్తుంది. జిరాక్స్ కాపీ మీద ప్రతి చిల్లుకూ నంబరు వేసుకో. మిషన్ ముందు కూర్చున్నాక ఆలోచించడం కష్టం, కళ్లు గీత మీదే ఉంటాయి.

పెద్ద ఖాళీ కోయగానే ఊడిన ముక్కను పారెయ్యకు. మళ్లీ అదే చోట పెట్టి, పైన టేపు వేసెయ్యి. పక్కన సన్నని ఈక కోసేటప్పుడు అది ఆసరాగా ఉంటుంది. అంతకన్నా నమ్మకంగా ఉండాలంటే పలక కింద ఒక పలచని అట్టనో పనికిరాని ప్లై ముక్కనో రెండువైపులా అంటుకునే టేపుతో అంచుల దగ్గర మాత్రం అంటించి, రెండింటినీ కలిపి కొయ్యి. మిషన్ బల్లలో బ్లేడు కోసం ఉన్న రంధ్రం పెద్దది కదా, దాని మీద ఒక ప్లాస్టిక్ షీటు అంటించి, బ్లేడు పట్టేంత చిల్లు మాత్రం పెట్టుకో. చిన్న ముక్కలు కిందికి దూరిపోవు, వంతెనలకు కింద బల్ల దొరుకుతుంది.

కోసేటప్పుడు స్పీడు తగ్గించు. రెండు చేతుల వేళ్లూ చెక్క మీద బల్లపరుపుగా, బ్లేడుకు చెరో పక్కన ఉండాలి. బ్లేడుకు ఎదురుగా వేలు ఎప్పుడూ ఉండకూడదు. తోయడమంటే నువ్వు దారి చూపించడం మాత్రమే, కోసే పని బ్లేడుకు వదిలెయ్యి. బ్లేడు వెనక్కి విల్లులా వంగుతోందంటే నువ్వు తోస్తున్నావని గాని, బ్లేడు అరిగిందని గాని అర్థం. అంచు నల్లబడినా, గీత మీద నిలవక తిరుగుతున్నా మార్చెయ్యాలి. గట్టి చెక్కలో ఒక బ్లేడు అరగంట కూడా రాకపోవచ్చు. కొత్త బ్లేడు కూడా ఒక పక్కకు లాగుతుంది, ఎందుకంటే తయారీలో పళ్లకు ఒకవైపు సన్నని గరుకు మిగిలిపోతుంది. ఎంత లాగుతోందో పాత ముక్క మీద చూసుకుని, చెక్కను అంత మేర వాలుగా పెట్టి నడిపించు.

ఈక కొసల్లాంటి సూటి మూలల్లో బ్లేడును అక్కడికక్కడే తిప్పకు. ఒక పక్క నుంచి మూల దాకా కోసి, వచ్చిన గాటులోనే వెనక్కి వచ్చి, రెండో పక్క నుంచి మళ్లీ మూలకు వెళ్లి కలుపు. చెక్కలో రంగురంగుల చెక్కముక్కలు పొదిగే మైసూరు ఇన్‌లే పనివాళ్లు చేతిరంపంతో పూలరేకుల కొసలు కోసే తీరు ఎప్పుడైనా చూస్తే, ఆ ఓపిక ఎంత అందం తెస్తుందో తెలుస్తుంది.

విరిగితే బెంగపెట్టుకోకు. ముక్క జాగ్రత్తగా దాచి, అగ్గిపుల్ల కొసతో ఫెవికాల్ రవ్వంత పెట్టి, కింద బటర్ పేపర్ వేసి అతికించు. అప్పుడప్పుడే విరిగిన నార ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటుంది, అతుకు కనిపించదు.

పైన మెరుగుకు 220 సాండ్‌పేపర్‌తో చాలా తేలిగ్గా, నార వెంట మాత్రమే రుద్దు. చిల్లుల లోపల సన్నని ఆకురాయి చాలు. బ్రష్ వద్దు, దాని వెంట్రుకలు ఈకలకు తగులుకుంటాయి. స్ప్రే లక్కర్ పలచగా రెండు మూడు పూతలు వెయ్యి. లిన్సీడ్ (అవిసె) నూనె వాడితే మాత్రం, తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడెయ్యకు, అవి వాటంతటవే అంటుకుంటాయి. విడదీసి బయట ఆరెయ్యి.

చున్నీ వేసుకుని మిషన్ దగ్గర కూర్చోవద్దు. జుట్టు ముడివేసుకో, గాజులు తీసి పక్కన పెట్టు, కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. బ్లేడు తెగినప్పుడు పైముక్క ఇంకా ఎగిరెగిరి పొడుస్తూనే ఉంటుంది. వెంటనే స్విచ్ ఆపాలి, చెయ్యి పెట్టి ముక్క తియ్యబోకు. ఇరవై నిమిషాలకోసారి లేచి నడువు, భుజం బిగుసుకున్న చేత్తో సన్నపని చెయ్యలేవు.

నీ గీతలో ఎడమ పక్క ఈకల దగ్గర, కంఠం కింద, కాళ్ల మధ్య ఎర్ర సున్నాలు చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ చోట్ల వంతెనలు వెడల్పు చేసి, చుక్కలకు పట్టు వేసి, కోసే నంబర్లతో సహా నాకు మళ్లీ పంపు. నేను చూసి సరే అన్నాక కొత్త పలక కోద్దువు గాని. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య