మాక్రో నెమ్మదిస్తే ముందు కంప్యూటర్ మార్చకండి

నలభై వేల వరుసలున్న ఎక్సెల్ ఫైలులో మాక్రో (ఎక్సెల్ చేత వరుసగా పనులు చేయించే చిన్న ప్రోగ్రామ్) పూర్తవడానికి అరగంట పడుతోందని, కొత్త కంప్యూటర్ కొనమంటారా అని మీరు అడిగారు. కొనవద్దు. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పదకొండేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. నేను చూసినంతవరకు తప్పు యంత్రంలో కాక మాక్రో రాసిన తీరులోనే ఉంటుంది.

మా ఫైలులో ఒక్కో లాటుకు ఒక్కో వరుస ఉండేది. రైతు పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, సరుకు లోపలికి వచ్చిన తేదీ, అద్దె, సరుకు మీద తీసుకున్న అప్పు, దాని వడ్డీ అన్నీ అందులోనే. ఒక ఏప్రిల్ నెలలో వరుసలు 38 వేలు దాటాయి. అద్దె, వడ్డీ తిరిగి లెక్కకట్టే మాక్రో నొక్కితే తెర రెపరెపలాడుతూ, గడి చుట్టూ ఉండే ఆకుపచ్చ గీత ఒక్కో వరుసా దిగుతూ 26 నిమిషాలు పట్టేది. అది నడుస్తుండగా ఒక పెద్దాయన తలగుడ్డ ఒళ్లో పెట్టుకుని కౌంటర్ ముందు కూర్చుని, "బాబూ, ఒంటిగంట బస్సు పోతే మళ్లీ సాయంత్రమే, నా చీటీ ఒక్కటి ముందు ఇయ్యవా" అని అడిగారు. మాక్రో ముగిసేదాకా ఎక్సెల్ మరో పని చేయనివ్వదు కాబట్టి ఇవ్వలేకపోయాను. సాయంత్రం దాకా ఆయన మా వరండాలోనే కూర్చున్నారు.

యజమాని గారు ఆ వారమే ర్యామ్‌ను 4 జీబీ నుంచి 16 జీబీకి పెంచారు. 26 నిమిషాలు 25 అయ్యాయి, అంతే. విజువల్ బేసిక్ (మాక్రోలు రాసే భాష) మాక్రో వేగం ప్రాసెసర్‌లోని ఒక్క దారి మీదే ఆధారపడుతుంది కనుక, ర్యామ్ సరిపోని సందర్భంలో తప్ప ర్యామ్ పెంచితే దాని వేగం పెరగదు.

అప్పుడు మాక్రోలో ఒక్కో భాగానికి ముందూ వెనుకా టైమర్ పెట్టి, ఏ భాగానికి ఎన్ని సెకన్లు పడుతున్నాయో ఇమీడియట్ విండోలో (మాక్రో రాసే తెరలో ఫలితాలు చూపే చిన్న కిటికీ) రాయించాను. కాలమంతా గడిలో విలువ రాసే ఒకే ఒక్క లూపులో (ఒక్కో వరుసకూ మళ్లీ మళ్లీ నడిచే భాగంలో) ఖర్చవుతోంది. ప్రతి వరుసలోనూ రోజుల లెక్కకు టుడే ఫార్ములా (ఆ రోజు తేదీ ఇచ్చేది, ఏ గడి మారినా మళ్లీ లెక్కలోకి వచ్చేది) ఉండటం వల్ల, మాక్రో ఒక గడిలో అంకె వేసిన ప్రతిసారీ ఎక్సెల్ 38 వేల వరుసలనూ మళ్లీ లెక్కగట్టేది. ఆ ఫార్ములాలు తీసివేసి, ఆ రోజు తేదీని మాక్రో చేతనే ఒక గడిలో విలువగా వేయించాను. అదొక్కటే 25 నిమిషాలను 4 నిమిషాలకు దించింది. ఆ తరువాత పట్టిక మొత్తాన్ని ఒకేసారి వేరియంట్ అర్రేలోకి (మెమరీలో ఉండే పట్టికలోకి) చదివి, లెక్క అక్కడే పూర్తిచేసి, ఫలితాన్ని ఒకేసారి తిరిగి రాయించాను. 7 సెకన్లలో పని ముగిసింది.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. ఎవరిని అడిగినా "కాలిక్యులేషన్‌ను మాన్యువల్ చేయండి" అని, అంటే మనం చెప్పేదాకా ఎక్సెల్ ఫార్ములాలను మళ్లీ లెక్కగట్టకుండా ఆపమని, ఒక్క లైను ఇచ్చి వదిలేస్తారు. తెర రెపరెపలను ఆపే లైను వాడితే, మాక్రో ఆగిపోగానే తెర దానంతట అదే మామూలుకు వస్తుంది గాని, మాన్యువల్ కాలిక్యులేషన్ అలాగే ఉండిపోతుంది, తెరిచి ఉన్న ఇతర ఫైళ్లకు కూడా వర్తిస్తుంది. నేనూ ఆ లైను వాడాను. ఒకసారి తేదీ గడిలో ఎవరో 31-04-2019 అని కొట్టారు. ఏప్రిల్‌కు 31వ తేదీ లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని వట్టి అక్షరాలుగా తీసుకుంది, మాక్రో మధ్యలో ఆగింది, లెక్కలు స్తంభించాయి. గమనించేలోగా ఇద్దరు రైతులకు పాత బాకీతో చీటీలు వెళ్లిపోయాయి. వారిని ఫోన్ చేసి వెనక్కి పిలవవలసి వచ్చింది. ఆన్ ఎర్రర్ గోటూతో (పొరపాటు వస్తే ఫలానా చోటికి వెళ్లమనే ఆదేశం) ఒక ముగింపు భాగం రాసి, పొరపాటు వచ్చినా రాకపోయినా కాలిక్యులేషన్‌నూ ఈవెంట్లనూ (గడి మారినప్పుడు వాటంతటవే నడిచే మాక్రోలను) అక్కడ పూర్వస్థితికి తెచ్చే ఏర్పాటు లేకుండా ఆ లైను వాడవద్దు.

ఫైలు తెరుచుకోవడమే ఆలస్యమైతే అది వేరే జబ్బు. కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కి చూడండి; ఎక్సెల్ వాడకంలో ఉందనుకునే చివరి గడికి వెళుతుంది. డేటా ముగిసిన చోటికన్నా చాలా కిందికి వెళితే, ఆ ఖాళీ వరుసలను డిలీట్ చేసి సేవ్ చేయండి. మా ఫైలులో ఎవరో కాలమ్ మొత్తానికి గీతలు కొట్టడం వల్ల అది ఎక్సెల్ షీటులోని చివరి వరుస 10,48,576 దాకా వెళ్లింది.

మీ ఫైలులో ముందుగా టుడే, నౌ, ఇన్‌డైరెక్ట్, ఆఫ్‌సెట్ ఫార్ములాల కోసం వెతకండి; ఇవన్నీ ఏ గడి మారినా మళ్లీ లెక్కలోకి వచ్చేవే. తరువాత మాక్రో తెరిచి, లూపు లోపల సెలెక్ట్ (ఒక గడి మీదికి వెళ్లమనే ఆదేశం) అన్న మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి, ఆ లూపును ఇక్కడ పెట్టండి. అర్రేలోకి ఎలా మార్చాలో లైను లైనుగా రాసి పంపుతాను.