పాత వీఎంవేర్ సర్వర్ మీద చెయ్యి వేసే ముందు

ఒరేయ్ శీనూ,

మీ ఆఫీసులో మూలనున్న డబ్బాలో వీఎంవేర్ సర్వర్ 2 (వర్చువల్ మిషన్లు, అంటే కంప్యూటర్ లోపల కంప్యూటర్లు, నడిపే సాఫ్ట్‌వేర్) ఇంకా నడుస్తోందని, అందులోని వర్చువల్ మిషన్లన్నీ కొత్త కేవీఎం (లైనక్స్‌లో అదే పని చేసేది) మిషన్ మీదకి మార్చమన్నారని రాశావు కదా, అసలిదేం సాఫ్ట్‌వేర్ మావయ్యా ఎక్కడా దొరకట్లేదు అని కూడా అడిగావు. దొరకదురా, ఆపేసి చాలా ఏళ్ళయింది. 2001లో జీఎస్ఎక్స్ సర్వర్ అని డబ్బులకి అమ్మేవాళ్ళు, విండోస్ మీదో లైనక్స్ మీదో మామూలు ప్రోగ్రామ్‌లా కూర్చునేది. 2006లో పేరు మార్చి ఫ్రీగా ఇచ్చారు, మైక్రోసాఫ్ట్ కూడా అదే ఏడాది ఇలాంటిదే తన వర్చువల్ సర్వర్ ఫ్రీ చేసేసింది మరి. 2008లో విండోస్, లైనక్స్ అక్కర్లేకుండా తిన్నగా మిషన్ మీదే కూర్చునే తమ ఈఎస్ఎక్స్ఐని కూడా ఫ్రీ చేసేసరికి దీన్ని పట్టించుకునే నాథుడు లేడు, ఆఖరి 2.0.2 వచ్చింది 2009లో, 2011 జూన్ 30తో సపోర్ట్ బంద్. ఆ ఫ్రీ ఈఎస్ఎక్స్ఐ కూడా వీఎంవేర్ కంపెనీ బ్రాడ్‌కామ్ చేతికెళ్ళాక 2024లో ఆపేసి 2025లో మళ్ళీ ఇచ్చారనుకో, అందుకే మీవాళ్ళు కేవీఎంకి వెళ్ళడం నాకు నచ్చింది.

సరే పని సంగతి. 8333 పోర్టులో ఉండే వీఎంవేర్ సర్వర్ కంట్రోల్ వెబ్ పేజీ ఇప్పటి బ్రౌజర్లలో తెరుచుకోకపోతే దాంతో కుస్తీ పడకు, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ వర్చువల్ మిషన్ లోపలికెళ్ళి అక్కణ్ణుంచే షట్‌డౌన్ చెయ్యి, సస్పెండ్ మాత్రం వద్దు. షట్‌డౌన్‌కి ముందే వీఎంవేర్ టూల్స్ (వర్చువల్ మిషన్ లోపల వేసే వీఎంవేర్ డ్రైవర్లు) అన్‌ఇన్‌స్టాల్ చేసెయ్, కేవీఎం మీదకెళ్ళాక తియ్యబోతే అది మొండికేస్తుంది. ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్ నంబరు) కాయితం మీద రాసుకో, కొన్ని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ మ్యాక్‌కి ముడిపడి ఉంటుంది.

తర్వాత ఆ వర్చువల్ మిషన్ ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టు, ఒక్క ఫైలు కూడా వదలకుండా. అందులో వీఎండీకే (వర్చువల్ డిస్క్) ఫైలు పేరు చివర 000001 అని కనిపిస్తే స్నాప్‌షాట్ ఉన్నట్టు, అంటే డిస్క్‌ని ఒక రోజు దగ్గర ఆపి తర్వాతి మార్పులన్నీ ఈ ఫైల్లో రాస్తున్నట్టు, అసలు డిస్క్ ఒక్కటే తీసుకెళ్తే ఎప్పుడో స్నాప్‌షాట్ తీసిన రోజు నాటి డేటా లేస్తుంది, అంతా బాగానే ఉందనుకుంటావు, అకౌంట్స్ వాళ్ళు వచ్చి అరిచేదాకా తెలీదు. వీఎంవేర్ వాళ్ళ వీడిస్క్‌మేనేజర్ కమాండ్‌తో ఆ 000001 ఫైల్నే సోర్స్‌గా ఇచ్చి కొత్త డిస్క్ తీస్తే రెండూ కలిసి ఒకటే వస్తుంది, దాన్నే క్యూఎమ్యూ ఇమేజ్ కమాండ్‌తో కేవీఎం వాడే డిస్క్ ఫార్మాట్ క్యూకౌ2లోకి మార్చుకో.

విండోస్ 2003 అన్నావు కాబట్టి డిస్క్‌ని తిన్నగా వర్టిఐఓగా (కేవీఎంలో వేగంగా నడిచే పద్ధతి, దానికి వేరే డ్రైవర్ కావాలి) పెడితే బ్లూ స్క్రీనే, ముందు ఐడీఈగా (పాతకాలపు మామూలు డిస్క్ పద్ధతి) పెట్టి లేపు, వర్టిఐఓ డ్రైవర్ ఎక్కించి అప్పుడు మార్చు. లైనక్స్ అయితే నెట్‌వర్క్ కార్డ్ ఈత్0 బదులు ఈత్1గా వచ్చి ఐపీ తీసుకోదు, కంగారు పడకు, యూడెవ్‌లో (పరికరాలకి పేర్లు పెట్టే లైనక్స్ భాగం) పాత రూల్ చెరిపి రీబూట్ చెయ్యి.

పాత డబ్బా ఓ నెల ఉంచండి, నెట్‌వర్క్ కేబుల్ పీకేసి. లేకపోతే ఎవడో ఒకడు ఆన్ చేస్తాడు, రెండూ ఒకే ఐపీతో లేచి కొట్టుకుంటాయి. ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చెయ్, రాత్రి పది దాటితే మాత్రం మెసేజ్ పెట్టు, అత్తయ్య నిద్రపోతుంది.

మీ మావయ్య